చిన్న బృందాల రైడ్‌లలో కష్టం ఎక్కడ ఉండాలి?

గౌరవనీయులైన సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన ఒక వ్యాసంలో, ఆన్‌లైన్ గేమ్‌లు తయారుచేసే సంస్థలు అందరినీ మెప్పించాలనే తాపత్రయంతో రైడ్‌లను సులువు చేసి వాటి విలువను పోగొట్టాయని వ్యాసకర్త బాధపడ్డారు. ఆ తరువాతి వారం దానికి జవాబు రాసిన పాఠకుడు, డబ్బు పెట్టి కొన్న ఆటలో సగభాగం కళ్లతో చూడలేకపోవడం అన్యాయమనీ, ప్రతి బాస్‌నూ ప్రతి ఒక్కరూ ఓడించగలిగేలా ఉండాలనీ వాదించారు. ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది. అయితే కష్టం అనేది ఒక్కటే ఉన్నట్టు, దాన్ని పెంచడమో తగ్గించడమో తప్ప వేరే దారి లేనట్టు ఇద్దరూ రాశారు. ఐదారుగురు కలిసి ఆడే చిన్న రైడ్‌ల విషయంలో ఈ ఆలోచన ఎంతమాత్రం సరిపోదని చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను. నేను ఒంగోలులో డిగ్రీ విద్యార్థులకు లెక్కలు చెబుతాను. రాత్రి పూట, నా పాత విద్యార్థులూ మా బాబాయి కొడుకులూ కలిసిన ఆరుగురి జట్టులో రైడ్‌లు ఆడతాను.

ఈ ఆటలు తెలియని పాఠకుల కోసం ముందుగా కొంత వివరణ అవసరం. కొందరు ఆటగాళ్లు ఇంటర్నెట్ ద్వారా ఒక జట్టుగా చేరి, కంప్యూటర్ నడిపించే బలమైన శత్రువులను ఒకరి తరువాత ఒకరిగా ఎదుర్కొనే ఘట్టాన్ని రైడ్ అంటారు. ఆ శత్రువు పేరే బాస్. చాలా ఆటల్లో ఒకరు ట్యాంక్‌గా ముందు నిలబడి దెబ్బలు కాస్తారు, ఒకరిద్దరు హీలర్లుగా అందరి ప్రాణాలూ నిలుపుతారు, మిగిలినవారు దాడి చేస్తారు. బాస్ ఊరికే నిలబడి దెబ్బలు తినడు. ఒక క్రమంలో నేలంతా మంటలు పరుస్తాడు, జట్టులో ఎవరో ఒకరిని ఎంచుకుని శాపం పెడతాడు, ఇద్దరు ఒకేసారి రెండు చోట్ల నిలబడితే తప్ప తెరుచుకోని కవచం తొడుక్కుంటాడు. వీటిని మెకానిక్స్ అంటారు. జట్టంతా చనిపోతే అది వైప్. ఆ బాస్‌తో పోరు మళ్లీ మొదటి నుంచి. ఇందులో పందెం కాయడం ఉండదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించినది డబ్బు ఒడ్డి ఆడే ఆటలను. రైడ్‌లను ఆ గాటన కట్టి చూడవద్దని మా జట్టు పిల్లల తల్లిదండ్రులకు నేను తరచూ చెబుతూ ఉంటాను, వారు సగమే నమ్ముతారు.

చిన్న రైడ్‌లు ఎలా వచ్చాయో చూస్తే చిక్కు ఎక్కడుందో కొంత తెలుస్తుంది. 2004 నవంబరులో విడుదలైన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ అనే ఆటలో తొలినాటి పెద్ద రైడ్‌లకు 40 మంది కావాలి. అంతమందిని ఒకే రాత్రి ఒకచోట చేర్చి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పి, మధ్యలో లేచిపోయినవారి స్థానంలో మరొకరిని వెతకడం గిల్డ్ (ఆటగాళ్ల సంఘం) నాయకుడికి రెండో ఉద్యోగంగా ఉండేది. 2006లో వచ్చిన నక్స్‌రామస్ అనే రైడ్ లోపల ఏముందో ఆడేవారిలో అతి కొద్దిమందికే తెలిసింది. అందుకే 2008 నవంబరులో వచ్చిన విస్తరణలో (ఆటకు కలిపే కొత్త భాగంలో) అదే రైడ్‌ను 10 మందికీ 25 మందికీ సరిపడేలా తిరగరాసి, కొత్తవారి తొలి మెట్టుగా మళ్లీ ఇచ్చారు. అంతకుముందే, 2007 జనవరిలో, కారజాన్ అనే 10 మంది రైడ్ వచ్చి ఉంది. ఫైనల్ ఫ్యాంటసీ 14 అనే మరో ఆట తన ప్రధాన రైడ్‌లను 8 మందికి కట్టింది. 2014 సెప్టెంబరులో వచ్చిన డెస్టినీ ఆరుగురితో సరిపెట్టింది. 2016లో వార్‌క్రాఫ్ట్‌లోనే ఐదుగురు గడియారంతో పోటీపడి ఆడే మిథిక్ కీస్టోన్ పద్ధతి మొదలైంది. 40 నుంచి 5 వరకు దిగివచ్చిన ఈ పన్నెండేళ్లలో, మనుషులు తగ్గితే ఆట అందుబాటులోకి వచ్చినట్టేనని అందరూ అనుకున్నారు.

అది సగమే నిజమని ఒక చిన్న లెక్క చెబుతుంది. ఒక మెకానిక్‌ను ప్రతి ఆటగాడూ నూటికి 95 సార్లు సరిగ్గా చేస్తాడనుకుందాం. ఇది మంచి ఆటగాడి లెక్కే. ఆరుగురూ తప్పకుండా సరిగ్గా చేయాల్సిన మెకానిక్ అయితే, జట్టు గట్టెక్కే అవకాశం 0.95ను ఆరుసార్లు గుణిస్తే వచ్చేది, అంటే నూటికి 73 లేదా 74. అలాంటి మెకానిక్స్ ఒక పోరులో నాలుగు వస్తే, నాలుగూ దాటే అవకాశం నూటికి 29కి పడిపోతుంది. ఎవరూ చేతకానివారు కాకపోయినా, పది ప్రయత్నాల్లో ఏడు వైప్‌తో ముగుస్తాయన్నమాట. ఇప్పుడు ఒకే ఒక్క నియమం మార్చి చూద్దాం: ప్రతి మెకానిక్‌లోనూ ఒకరు తప్పినా మిగిలిన ఐదుగురు అతన్ని లేపుకుని ముందుకు సాగవచ్చు. అప్పుడు ఒక్కో మెకానిక్ దాటే అవకాశం నూటికి 97 దగ్గరికి వస్తుంది, నాలుగూ దాటే అవకాశం 87 దాటుతుంది. బాస్ ప్రాణాన్ని తగ్గించలేదు, మంటల వేడి తగ్గించలేదు, నేర్చుకోవాల్సినది ఒక్కటి కూడా తీసివేయలేదు; క్షమించేది ఒక్క తప్పునే అయినా ఫలితం 29 నుంచి 87కి మారింది. లేచిన ఆటగాడు కొంతసేపు బలహీనంగా ఉంటాడనీ, లేపినవాడి దాడి ఆగిపోతుందనీ కలుపుకుంటే ఆ 87 కొంత తగ్గుతుంది, అయినా తేడా తేడాగానే ఉంటుంది.

ఇదే లెక్కను 40 మందితో వేస్తే, ఒక్కరూ తప్పకూడదనే మెకానిక్‌ను దాటే అవకాశం నూటికి 13 కూడా ఉండదు. అందుకే పాత రోజుల్లో 40 మందిలో ప్రతి ఒక్కరి మీదా అంత భారం పెట్టే మెకానిక్స్ అరుదు. పదిమంది నిద్రమత్తులో ఉన్నా మిగిలిన ముప్పై మంది లాక్కెళ్లేవారు. ఒకరు చనిపోతే జట్టు బలంలో నలభైయవ వంతు పోతుంది, అంతే. ఆరుగురిలో ఒకరు పోతే ఆరో వంతు పోతుంది, ఆ పోయినవాడు ఒకే ఒక్క హీలర్ అయితే అంతా పోతుంది. జట్టు చిన్నదయ్యేకొద్దీ దాక్కునే చోటు ఉండదు. చిన్న రైడ్‌లో ఆనందమూ ఇదే, బాధా ఇదే: ప్రతి ఒక్కరి పనీ కనిపిస్తుంది, ప్రతి ఒక్కరి తప్పూ కనిపిస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రవాడు బాస్‌కు భయపడడు, తన వల్ల మిగిలిన ఐదుగురి రాత్రి వృథా అవుతుందేమోనని భయపడతాడు.

ఈ విషయాన్ని ఆటలు తయారుచేసేవారు అన్నిసార్లూ పట్టించుకోలేదు. 2010 డిసెంబరులో వచ్చిన క్యాటక్లిజం విస్తరణలో 10 మంది రైడ్‌కూ 25 మంది రైడ్‌కూ ఒకే స్థాయి బహుమతులు పెట్టి, రెండూ సమానమే అన్నారు. కానీ పోరు మధ్యలో చనిపోయినవారిని లేపే అవకాశం 25 మందికి మూడుసార్లు, 10 మందికి ఒక్కసారి మాత్రమే. నిష్పత్తి ప్రకారం అది న్యాయంగానే కనిపిస్తుంది. ఇంకా చెప్పాలంటే 12 శాతం, 10 శాతం. కానీ రెండో తప్పు జరిగిన క్షణంలో 25 మందికి ఇంకా దారి ఉంటుంది, 10 మందికి ఉండదు. నిష్పత్తులతో చిన్న జట్లను కొలవడం ఎంత ప్రమాదమో నా విద్యార్థులకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చివరికి 2014లో, అత్యంత కఠినమైన మిథిక్ స్థాయిని 20 మందికి స్థిరపరిచారు. జట్టు పరిమాణం ఒక్కటే అయితే మెకానిక్స్‌ను కచ్చితంగా తూచవచ్చన్నది వారి కారణం. తయారీదారుల కోణంలో అది సబబే. కానీ అప్పటి దాకా పదిమందితో అత్యున్నత స్థాయిని ఆడుతూ వచ్చిన జట్లు మరో జట్టుతో కలవడమో, కొత్తవారిని వెతుక్కోవడమో, కింది స్థాయితో తృప్తిపడడమో చేయవలసి వచ్చింది. పదేళ్లుగా కలిసి తిరిగిన పదిమందికి ఇంకో పదిమందిని కలుపుకోండని చెప్పడం సులువు.

దీనికి భిన్నంగా, డెస్టినీ తొలి రైడ్ అయిన వాల్ట్ ఆఫ్ గ్లాస్‌లో చేసిన పని నాకు ఎంతో నచ్చుతుంది. మామూలు స్థాయిలో పడిపోయినవారిని తోటివారు లేపవచ్చు. హార్డ్ స్థాయిలో లేపడానికి వీల్లేదు. శత్రువులు గట్టిపడటం వంటి మార్పులు మరికొన్ని ఉన్నా, చిక్కుముడి రెండింటిలోనూ దాదాపు ఒక్కటే. మామూలు స్థాయిలో నేర్చుకున్న ప్రతి విషయమూ హార్డ్ స్థాయిలో పనికి వస్తుంది. తేడా అంతా తప్పుకు చెల్లించే ధరలో ఉంది. ఆట నేర్పించే స్థాయికీ ఆట పరీక్షించే స్థాయికీ మధ్య ఉండవలసిన సంబంధం ఇదేనని అధ్యాపకుడిగా నాకనిపిస్తుంది. మామూలు స్థాయిలో మెకానిక్‌నే తీసివేసి, పై స్థాయిలో హఠాత్తుగా దాన్ని ముందుకు తెస్తే, కింద ఎంతకాలం ఆడినా పైన ఆడడానికి అది అక్కరకు రాదు.

బాస్ ప్రాణాన్ని తగ్గించడం, ఆటగాళ్లు నెర్ఫ్ అనే పని, అందుబాటు పేరుతో ఎక్కువగా జరిగే పని. పెద్ద జట్టులో దాని వల్ల పెద్ద నష్టం లేదు. చిన్న జట్టులో ఏం జరుగుతుందంటే, నాలుగు మెకానిక్స్ ఉన్న పోరులో బాస్ మూడోదానికే కూలిపోతాడు, నాలుగోది ఆ జట్టు చూడనే చూడదు. పైగా మొదటి మెకానిక్‌లోనే చనిపోతున్న జట్టుకు బాస్ ప్రాణం ఎంత ఉన్నా ఒక్కటే. 2011 నవంబరులో వార్‌క్రాఫ్ట్‌లో వచ్చిన రైడ్ ఫైండర్, ముక్కూమొహం తెలియని 25 మందిని కూర్చి, ఆ తరువాతి కాలంలో వైప్ అయిన ప్రతిసారీ జట్టు బలాన్ని ఐదేసి శాతం చొప్పున పెంచుతూ పోయే ఏర్పాటు చేసింది. కథ చివరిదాకా చూడాలనుకున్నవారికి అది గొప్ప మేలు, దాన్ని నేను తప్పుపట్టను. కానీ అక్కడ గెలిచినవారు ఏం చేసి గెలిచారో వారికే తెలియదు. మీ వ్యాసకర్త బాధంతా ఈ రకం సులువు మీదనే అయితే ఆయన పక్షాన నేనూ ఉన్నాను.

ఇంతకన్నా మర్యాదైన పద్ధతి అంతకు రెండేళ్ల ముందే అదే ఆటలో ఉంది. 2009 డిసెంబరులో తెరిచిన ఐస్‌క్రౌన్ సిటడెల్‌లో నెలలు గడిచేకొద్దీ ఆటగాళ్ల బలాన్ని 5 శాతం నుంచి మెట్టుమెట్టుగా 30 శాతం దాకా పెంచారు. ముందుగా వచ్చినవారు అసలు కష్టాన్ని చూశారు, ఆలస్యంగా వచ్చినవారికి దారి వెడల్పయింది. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ సాయం వద్దనుకున్న జట్టు అక్కడున్న ఒక పాత్రతో మాట్లాడి దాన్ని ఆపుకోవచ్చు. సాయం అందరికీ ఉంటుంది, తీసుకోవడం జట్టు ఇష్టం. ఫైనల్ ఫ్యాంటసీ 14 మరో దారి పట్టింది. 2015లో వచ్చిన అలెగ్జాండర్ రైడ్‌ను, కథ కోసం వచ్చేవారికి మామూలు స్థాయిగానూ పట్టుదల ఉన్నవారికి సావేజ్ స్థాయిగానూ మొదటి నుంచీ విడదీసింది. ఆ తొలి సావేజ్ మరీ కఠినమై చాలా జట్లు చీలిపోయిన మాట వాస్తవమే అయినా, విడదీయాలన్న నిర్ణయం నిలబడింది. ఆ తరువాత 2017లో అల్టిమేట్ అనే ఇంకా పై మెట్టు కూడా కట్టారు. సులువైన స్థాయి ఉన్నంత మాత్రాన కఠినమైన స్థాయి పరువు పోలేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

మా ప్రాంతంవారికి ఈ సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఒంగోలు జాతి ఎడ్ల బండలాగుడు పోటీల్లో రెండు పళ్ల గిత్తలకు ఒక బరువు బండ, నాలుగు పళ్లకు ఒకటి, ఆరు పళ్లకు ఒకటి, సీనియర్స్‌కు అన్నిటికన్నా బరువైనది. రెండు పళ్ల విభాగం పెట్టారు కాబట్టి సీనియర్స్ బహుమతి విలువ తగ్గిందని ఏ రైతూ అనగా నేను వినలేదు. ఇంకో విశేషం కూడా ఉంది. అక్కడ గెలుపు కొలిచేది నిర్ణీత సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్న దాన్ని బట్టి. నాలుగో స్థానంలో వచ్చిన జతకు తాను ఎంత దూరం లాగిందో తెలుస్తుంది, దానికీ ఒక బహుమతి ఉంటుంది, వచ్చే ఏడు ఎన్ని అడుగులు పెరగాలో ఆ రైతుకు అర్థమవుతుంది. రైడ్‌లో అలా కాదు. బాస్ పడితే అంతా, పడకపోతే శూన్యం. రెండు శాతం ప్రాణం మిగిల్చి వైప్ అయిన జట్టుకూ, మొదటి నిమిషంలోనే వైప్ అయిన జట్టుకూ ఆట ఇచ్చేది ఒక్కటే, దెబ్బతిన్న ఆయుధాల, కవచాల మరమ్మతు ఖర్చు. వారంలో ఒక జట్టు సాధించిన అత్యుత్తమ ప్రయత్నాన్ని బట్టి కొంతైనా ప్రతిఫలం ఇస్తే, గెలుపు విలువ తగ్గదు, ప్రయత్నం విలువ పెరుగుతుంది. కష్టాన్ని వెంట్రుకవాసి కూడా తగ్గించకుండా అందుబాటును పెంచే మార్గాల్లో ఇది అన్నిటికన్నా చవకైనదని నా అభిప్రాయం. ఇంతమంది తయారీదారుల్లో దీన్ని ప్రధాన పద్ధతిగా తీసుకున్నవారు తక్కువ కావడం నాకు వింతగా ఉంటుంది.

ఇక బాస్ దాకా వెళ్లడానికి ముందు ఎదురయ్యే కష్టాల సంగతి. వీటిలో ఆట నేర్పు ఏమీ లేదు, అయినా మన జిల్లాల ఆటగాళ్లను ఎక్కువగా ఆపేవి ఇవే. మా ఆరుగురిలో ఒకరు కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులున్న కుటుంబం నుంచి వచ్చినవారు. రాత్రి కరెంటు పోతే ఏరియేటర్లు ఆగుతాయి, చెరువులో ఆక్సిజన్ పడిపోక ముందే జనరేటర్ వేయాలి; అప్పుడు బాస్ ప్రాణం ఎంత మిగిలిందని అడిగేవారెవరూ ఉండరు. మరొకరికి కావలిలో మెడికల్ షాపు, అత్యవసరమని ఎవరైనా ఫోన్ చేస్తే లేవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజుల్లో ఎవరమూ రైడ్ మాటే తలచుకోలేదు, అది సహజం. నేను చెబుతున్నది మామూలు రాత్రుల గురించి. ఆరుగురు ఉంటేనే తెరుచుకునే మెకానిక్ ఉన్నచోట, ఒకరు లేచి వెళితే మిగిలిన ఐదుగురూ ఊరికే కూర్చోవాలి.

పెద్ద జట్లకు దీనికి జవాబు దొరికింది. 2013 సెప్టెంబరులో వార్‌క్రాఫ్ట్ తెచ్చిన ఫ్లెక్సిబుల్ రైడ్‌లో 10 నుంచి 25 మంది దాకా ఎందరున్నా బాస్ బలం తదనుగుణంగా మారుతుంది. 2009లోనే లార్డ్ ఆఫ్ ది రింగ్స్ ఆన్‌లైన్ తన స్కర్మిష్‌లు అనే చిన్న పోరులను ఒక్కరి నుంచి పన్నెండుగురి దాకా వేర్వేరు పరిమాణాల జట్లకు సరిపడేలా మార్చుకునే వీలు కల్పించింది. కానీ ఆరుగురు ఐదుగురైనప్పుడు ప్రాణాన్ని తగ్గించి ఊరుకుంటే చాలదు. మూడు చోట్ల ఇద్దరిద్దరు నిలబడవలసిన చోట ఐదుగురితో ఏం చేయాలి? అందుకే నా సూచన ఒకటి ఉంది. ఫైనల్ ఫ్యాంటసీ 14 లో 2019 నుంచి, వార్‌క్రాఫ్ట్‌లో 2024 జనవరి నుంచి, డంజియన్‌లు అనే, రైడ్ కన్నా చిన్న ఘట్టాలలో ఖాళీ స్థానాలను కంప్యూటర్ నడిపే సహచరులతో నింపుకునే ఏర్పాటు ఉంది. అదే సహచరుణ్ణి రైడ్‌లోకి, ఒక్కణ్ణే, ఒక షరతు మీద అనుమతించాలి: అతను తన చోట నిలబడి మెకానిక్ పూర్తి చేస్తాడు, దాడి మాత్రం చేయడు. జట్టు తన బలంలో ఆరో వంతు కోల్పోయినట్టే ఉంటుంది, కష్టం కొంచెం పెరుగుతుంది కూడా. కానీ రాత్రి ఆగిపోదు. చెరువు గట్టు మీది మిత్రుడు తిరిగి వచ్చాక తన స్థానంలో తాను చేరవచ్చు. దీనితో పాటు ప్రతి బాస్ దగ్గరా ఆటను నిలిపి మరో రోజు అక్కడి నుంచే, మరో ఆరుగురితోనైనా, కొనసాగించే వీలుండాలి. వారం రోజుల పాటు ఆటగాణ్ణి ఒకే జట్టుకు కట్టివేసే లాకౌట్ పద్ధతి 40 మంది రోజులకు చెందినది. చిన్న జట్లకు దాని వల్ల మేలు లేదు.

దూరం కూడా ఒక కష్టమే, అది ఎవరి నేర్పుకూ సంబంధించినది కాదు. గాజు తీగలో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. చెన్నై నుంచి సింగపూర్ సుమారు 2,900 కిలోమీటర్లు కాబట్టి, అక్కడి సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి ఎంత గొప్ప కనెక్షన్‌కైనా 29 మిల్లీసెకన్లు తప్పవు. సర్వర్ పశ్చిమ యూరప్‌లో ఉంటే దూరం 7,000 కిలోమీటర్ల పైచిలుకు. సముద్రం అడుగున తీగలు తిన్నగా పోవు కాబట్టి, ఇక్కడి ఆటగాళ్లు నిత్యం చూసే పింగ్ (సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం) 150 మిల్లీసెకన్లకు అటూ ఇటూగా ఉంటుంది. పెద్ద జట్టులో ఒకరి ఆలస్యం కలిసిపోతుంది. ఐదుగురి జట్టులో, అర సెకనులో ఆపాల్సిన మంత్రాన్ని ఆపే బాధ్యత ఒంగోలులో ఉన్నవాడిదే అయితే, అతనికి ఆ అర సెకనులో దాదాపు మూడో వంతు దారిలోనే పోతుంది. ఇక్కడ సర్వర్ పెట్టడం ఖర్చుతో కూడిన పని. పెట్టమని అడుగుతూనే ఉంటాం. అప్పటి దాకా, జట్టులో అందరికన్నా ఎక్కువ పింగ్ ఉన్నవారికి తగినట్టు హెచ్చరిక సమయాన్ని ఆ పదో వంతు, ఆరో వంతు సెకను మేర పెంచితే ఎవరి కీర్తికీ భంగం రాదు.

కళ్లూ చెవులూ చేతులూ అందరికీ ఒకేలా పనిచేయవన్న సంగతిని మాత్రం తయారీదారులు ఇప్పుడిప్పుడే గుర్తిస్తున్నారు. సురక్షితమైన చోటును పచ్చగానూ ప్రమాదకరమైన చోటును ఎర్రగానూ చూపించే మెకానిక్‌లో, ఆ రెండు రంగుల తేడా తెలియని ఆటగాడు ప్రతిసారీ చనిపోతాడు. అతనికి నేర్పు లేదని తోటివారు అనుకుంటారు. రంగుతో పాటు గీతలు గానీ, ఆకారం గానీ కలిపితే సమస్య తీరుతుంది. చెవితో వింటేనే తెలిసే హెచ్చరికకు తెర మీద ఒక గుర్తు తోడవ్వాలి. డెస్టినీ 2 లో 2022లో వచ్చిన వౌ ఆఫ్ ది డిసైపుల్ రైడ్‌లో ఒకరు చూసిన గుర్తులను మరొకరికి మాటల్లో చెప్పుకుంటూ పోవాలి. చిక్కు చాలా అందంగా ఉంది, దాన్ని తీసివేయమని ఎవరూ అనరు. కానీ వినలేనివారికీ, మాట్లాడలేనివారికీ, ఇంట్లో పసిపిల్ల నిద్రపోతుంటే గొంతెత్తలేని తల్లికీ ఆ గుర్తును ఒక మీటతో తోటివారి తెర మీదకు పంపే సౌకర్యం ఉంటే, చిక్కు చిక్కుగానే ఉండి మరో నలుగురు దాన్ని విప్పగలుగుతారు. ఇవి జాలితో చేసే సడలింపులు అనుకోవడం పొరపాటు. ఆరుగురు దొరకడమే గగనమైన ఊళ్లలో, ఆరో మనిషి ఇలాంటివారిలోనే ఉంటారు.

కష్టపడి గెలిచినవారి గౌరవం ఏమవుతుందన్న మీ వ్యాసకర్త ప్రశ్నకు విలువ ఉంది, దాన్ని తేలికగా తీసుకోను. మా జట్టు వైప్‌ల మీద వైప్‌లు అయి చివరికి ఒక బాస్‌ను పడగొట్టిన రాత్రి, ఆ బాస్‌ను ఎవరైనా గంటలో పడగొట్టగలరని తెలిస్తే మాకూ చిన్నబుచ్చుకున్నట్టే ఉండేది. కానీ గౌరవం ఆ పోరు తీరు నుంచి వచ్చింది. బయట ఎందరు నిలిచిపోయారన్న లెక్క నుంచి రాలేదు. తప్పును క్షమించని స్థాయిలో గెలిచినవారికి వేరే బిరుదూ, వేరే వేషమూ, వేరే వాహనమూ ఇవ్వండి. అవి చూడగానే గుర్తుపట్టేలా ఉండాలి. అక్కడ మాత్రమే దొరికే బలమైన ఆయుధం లేకపోతే తరువాతి రైడ్‌లో అడుగే పెట్టలేని పరిస్థితి మాత్రం కల్పించవద్దు. బిరుదు పోటీని పెంచుతుంది, ఆయుధం దూరాన్ని పెంచుతుంది.

మీ పత్రికకు ఒక విన్నపం. కొత్త ఆటల పరిచయాలు రాసేటప్పుడు బొమ్మలు ఎంత బాగున్నాయో, ఫోన్ ఎంత వేడెక్కుతుందో మాత్రమే రాస్తున్నారు. రైడ్ ఉన్న ఆట అయితే దానికి ఎందరు కావాలో, ఒకరు తగ్గితే ఏమవుతుందో, మధ్యలో ఆపి మరునాడు కొనసాగించవచ్చో లేదో, పడిపోయినవారిని లేపే వీలు ఏ స్థాయిలో ఎంత ఉందో, సర్వర్ ఏ దేశంలో ఉందో, రంగులు గుర్తించలేనివారికి ఏర్పాటు ఉందో లేదో కూడా రాయించండి. హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఆటలు తయారుచేస్తున్న మన యువకులు మీ పత్రిక చదువుతారు. తమ రైడ్‌ను పరీక్షించేటప్పుడు ఆరుగురు నిపుణులను ఒకే గదిలో కూర్చోబెట్టి చూడడంతో సరిపెట్టకుండా, వేర్వేరు ఊళ్లలో ఉన్న ఆరుగురితో, వారిలో ఒకరు మధ్యలో లేచి వెళ్లేలా ఏర్పాటు చేసి, ఒక రాత్రి ఆడించి చూడమని వారిని కోరుతున్నాను. ఆ పరీక్షకు ఆటగాళ్లు కావాలంటే ఒంగోలులో దొరుకుతారు.

భవదీయుడు,
ఒక లెక్కల అధ్యాపకుడు,
ఒంగోలు, ప్రకాశం జిల్లా.